ప్రోగ్రాముకు పుట్టుకతో అందేది: యూనిక్స్‌లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్

లైనక్స్ నేర్చుకోవడం మొదలుపెట్టిన విద్యార్థుల్లో చాలామందిని తికమక పెట్టే చిక్కు ఒకటుంది. ఒక స్క్రిప్టు ఫైలు రాసి, అందులో జావా హోమ్ అనే వేరియబుల్‌కు విలువ ఇస్తారు. ఆ స్క్రిప్టును నడుపుతారు. ఏ ఎర్రరూ రాదు. తీరా టెర్మినల్‌లో ఆ విలువేమిటో చూద్దామంటే ఖాళీగా ఉంటుంది. స్పెల్లింగు తప్పేమోనని వెతుకుతారు. ఇంటర్నెట్‌లో దొరికిన లైన్లు ఒక్కొక్కటే అతికించి చూస్తారు. చివరకు ఏదో ఒకటి పనిచేస్తుంది గానీ అది ఎందుకు పనిచేసిందో తెలియదు. చిక్కు చిన్నదే. దాని వెనకున్న సూత్రం పట్టుబడకపోతే మాత్రం రేపు సర్వర్లు నడిపే ఉద్యోగంలో ఇదే తికమక పెద్ద నష్టంగా మారుతుంది. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది ఇదీ: ఎన్విరాన్‌మెంట్ అనేది కంప్యూటరంతటికీ ఉమ్మడి సెట్టింగుల పట్టిక కాదు. ఒక ప్రోగ్రాము మరో ప్రోగ్రామును మొదలుపెట్టేటప్పుడు దాని చేతికి ఇచ్చే రాతప్రతి అది. ఈ ఒక్క విషయం మనసుకెక్కితే దాని సౌకర్యాలు, దాని పరిమితులు, దానివల్ల వచ్చిన భద్రతా లోపాలు అన్నీ వాటంతట అవే బోధపడతాయి.

ముందు ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో చూద్దాం. 1979లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్ నుంచి యూనిక్స్ ఏడో ఎడిషన్ వెలువడింది. మనం టైపు చేసే కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రామైన షెల్‌కు స్టీఫెన్ బోర్న్ రాసిన రూపం, దానితోపాటు ఇప్పుడు మనం వాడుతున్న ఎన్విరాన్‌మెంట్ పద్ధతి అందులోనే వచ్చాయి. యూనిక్స్‌లో కొత్త పని మొదలవ్వాలంటే రెండు మెట్లుంటాయి. ఫోర్క్ అనే పిలుపుతో నడుస్తున్న ప్రాసెస్ తనకు నకలుగా ఒక పిల్ల ప్రాసెస్‌ను పుట్టిస్తుంది. ఆ పిల్ల ప్రాసెస్ ఎగ్జెక్ వీఈ అనే పిలుపుతో తన స్థానంలోకి కొత్త ప్రోగ్రామును ఎక్కించుకుంటుంది. ఈ రెండో పిలుపు మూడు విషయాలు అడుగుతుంది: ఏ ప్రోగ్రాము నడపాలి, దానికి ఏ ఆర్గ్యుమెంట్లు ఇవ్వాలి, దానికి ఏ ఎన్విరాన్‌మెంట్ ఇవ్వాలి. ఆ మూడోదే మన విషయం. అది వరసగా పేర్చిన అక్షరాల స్ట్రింగులు మాత్రమే. ప్రతిదానిలో ఒక పేరు, ఈక్వల్ గుర్తు, ఒక విలువ ఉంటాయి. వ్యవస్థకు కేంద్ర భాగమైన కెర్నెల్ ఆ అక్షరాలను కొత్త ప్రోగ్రాము స్టాక్ మెమరీ పైభాగంలో కాపీ చేసి పెడుతుంది. వాటి అర్థం ఏమిటో కెర్నెల్ చూడదు. హోమ్ అంటే ఇంటి డైరెక్టరీ అనీ, లాంగ్ అంటే భాష అనీ నిర్ణయించుకునేది ఆ ప్రోగ్రాములు, వాటి లైబ్రరీలే.

ఇందులో మూడు గుణాలు కనిపిస్తాయి. ఎన్విరాన్‌మెంట్‌లో ఉండేది అక్షరాలే, పిల్లకు అందేది ప్రతే, అది ప్రయాణించేది కిందికే. పెళ్లయి అత్తవారింటికి వెళ్లే కూతురికి తల్లి సారె సర్ది పంపుతుంది. ఆ తర్వాత తల్లి తన ఇంట్లో ఏం కొనుక్కున్నా అది కూతురి పెట్టెలోకి రాదు. కూతురు ఆ సారెను ఎలా వాడుకున్నా తల్లి ఇల్లు మారదు. ప్రాసెస్‌ల మధ్య సంబంధం కూడా ఇంతే. మొదట చెప్పిన విద్యార్థి స్క్రిప్టును నడిపినప్పుడు షెల్ ఒక పిల్ల ప్రాసెస్‌ను పుట్టించింది. జావా హోమ్ విలువ ఆ పిల్ల ప్రాసెస్‌లో మారింది. స్క్రిప్టు ముగియగానే ఆ ప్రాసెస్‌తో పాటే ఆ విలువా పోయింది. తల్లి షెల్‌కు దాని సంగతి తెలిసే దారే లేదు. అదే ఫైలును సోర్స్ కమాండుతో చదివిస్తే కొత్త ప్రాసెస్ పుట్టదు. ఆ లైన్లను ప్రస్తుత షెలే స్వయంగా అమలు చేస్తుంది కాబట్టి మార్పు నిలుస్తుంది. డైరెక్టరీ మార్చే సీడీ కమాండు షెల్‌లోనే అంతర్భాగంగా ఉండటానికి కారణం కూడా ఇదే. అది వేరే ప్రోగ్రాముగా నడిస్తే, డైరెక్టరీ మారేది దానికే గానీ మనకు కాదు.

ఎక్స్‌పోర్ట్ అనే మాట పని కూడా ఇక్కడే తేలుతుంది. షెల్‌లో వేరియబుల్‌కు విలువ ఇస్తే అది మొదట ఆ షెల్ సొంత లెక్కల్లోనే ఉంటుంది. ఎక్స్‌పోర్ట్ అన్నప్పుడే, ఇకపై పుట్టే పిల్లలకు ఇచ్చే ప్రతిలో దీన్ని చేర్చమని షెల్‌కు చెప్పినట్టు. ఇకపై అన్న మాట ముఖ్యం. ఇప్పటికే నడుస్తున్న సర్వర్ ప్రోగ్రాముకు ఆ మార్పు చేరదు. దాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. టెర్మినల్‌లో చక్కగా నడిచిన స్క్రిప్టు రాత్రివేళ, నిర్ణీత సమయాల్లో పనులు మొదలుపెట్టే క్రాన్ నడిపినప్పుడు కమాండు దొరకలేదని ఆగిపోవడానికి కూడా తరచూ ఇదే కారణం. మన టెర్మినల్ షెల్, లాగిన్ సమయంలో ప్రొఫైల్ ఫైళ్లు చదివి నిండైన ఎన్విరాన్‌మెంట్ సమకూర్చుకుంది. క్రాన్ పుట్టించే ప్రాసెస్‌కు ఆ ఫైళ్లతో సంబంధం లేదు. చాలా లైనక్స్ వ్యవస్థల్లో దానికి అందేది ఇంటి డైరెక్టరీ, యూజర్ పేరు, ఒక సాదా షెల్, రెండు మూడు డైరెక్టరీలున్న పొట్టి పాత్ మాత్రమే. అందుకని పేర్ల జాబితా బట్టీ పట్టడం కంటే ఒక ప్రశ్న వేసుకోవడం అలవాటు చేసుకోవాలి: ఈ ప్రోగ్రామును పుట్టించింది ఎవరు, పుట్టించినప్పుడు వారి దగ్గర ఏముంది? చాలా చిక్కులకు జవాబు అక్కడే దొరుకుతుంది.

ఇంత సాదా ఏర్పాటు ఇన్నేళ్లు ఎందుకు నిలిచిందో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. మొదటిది పాత్. కమాండు పేరు మాత్రమే టైపు చేస్తే ఆ పేరుగల ప్రోగ్రాము కోసం ఏయే డైరెక్టరీల్లో, ఏ వరసలో వెతకాలో చెప్పేది ఇదే. డైరెక్టరీలను కోలన్‌తో విడదీసి రాస్తారు. ముందున్నదే గెలుస్తుంది. ఒకే కంప్యూటర్‌లో పైథాన్ రెండు వెర్షన్లు ఉంటే ఏది నడవాలో ఈ వరసే తేలుస్తుంది. పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ను యాక్టివేట్ చేసినప్పుడు జరిగే పనుల్లో ముఖ్యమైనది, పాత్‌కు ముందువైపు ఒక డైరెక్టరీ చేర్చడమే. రెండోది లొకేల్, అంటే భాష, ప్రాంతాల ఎంపిక. లాంగ్ అనే వేరియబుల్‌కు టీఈ అండర్‌స్కోర్ ఐఎన్ అని విలువ ఇచ్చి, ఆ లొకేల్ వ్యవస్థలో సిద్ధంగా ఉండగా డేట్ కమాండు నడిపితే, అదే ప్రోగ్రాము వారాలు, నెలల పేర్లను తెలుగులో చూపుతుంది. ప్రోగ్రాములో ఒక్క అక్షరం మారలేదు. పక్క టెర్మినల్‌లో పనిచేస్తున్న మరొకరికి అదే ప్రోగ్రాము ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది. టీజెడ్ అనే వేరియబుల్‌తో గడియారం కాలమానం కూడా ఇలాగే మారుతుంది. ఏషియా కోల్‌కతా అని ఇస్తే భారత సమయం, అమెరికా న్యూయార్క్ అని ఇస్తే అక్కడి సమయం వస్తుంది. ఒకే యంత్రం మీద ఒకేసారి వేర్వేరు మనుషులకు వేర్వేరు భాషలు, వేర్వేరు కాలమానాలు ఇవ్వగలగడం, ఎన్విరాన్‌మెంట్ ఉమ్మడి ఆస్తి కాకపోబట్టే సాధ్యమైంది.

దీనిమీద మొదటి అభ్యంతరం న్యాయమైనదే. కంటికి కనపడని ఈ విలువలు ప్రోగ్రాము ఫలితాన్ని మార్చేస్తాయి కదా, అలాంటప్పుడు నా యంత్రంలో వచ్చిన ఫలితమే మీ యంత్రంలోనూ వస్తుందని నమ్మకమేమిటని అడుగుతారు. నిజమే. సార్ట్ అనే కమాండునే తీసుకోండి. లొకేల్‌ను నిర్ణయించే ఎల్‌సీ ఆల్ అనే వేరియబుల్ విలువ సీ అని ఉంటే అది అక్షరాలను వాటి కోడ్ సంఖ్యల వరసలో పేరుస్తుంది. ఇంగ్లీషులో పెద్ద అక్షరాలన్నీ ముందు, చిన్న అక్షరాలన్నీ తర్వాత వస్తాయి. తెలుగు విషయంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మన వర్ణమాలలో ళ అక్షరం హ తర్వాత వస్తుంది. యూనికోడ్‌లో మాత్రం ల పక్కనే, వ కంటే ముందే ఉంది. అందువల్ల కోడ్ వరసలో పేర్చిన తెలుగు పదాల జాబితా, మన నిఘంటువుల వరసతో కొన్నిచోట్ల కలవదు. ఒకే ఫైలు, ఒకే కమాండు, వేరే ఎన్విరాన్‌మెంట్, వేరే ఫలితం. అయితే ఈ అభ్యంతరానికి జవాబు కూడా ఎన్విరాన్‌మెంట్‌లోనే ఉంది. అది పుట్టుకప్పుడు ఇచ్చే ప్రతి కాబట్టి, ఇచ్చేవాళ్లు దాన్ని పూర్తిగా నిర్ణయించవచ్చు. ఎన్వ్ అనే కమాండుకు మైనస్ ఐ జోడిస్తే ఏమీ లేని ఎన్విరాన్‌మెంట్‌తో ప్రోగ్రాము మొదలవుతుంది. అందులో మనకు కావలసిన నాలుగు విలువలే చేర్చుకోవచ్చు. సాఫ్ట్‌వేర్‌ను ఎవరు ఎక్కడ బిల్డ్ చేసినా బైటు బైటూ ఒకేలా రావాలని కృషి చేస్తున్న రీప్రొడ్యూసిబుల్ బిల్డ్స్ ఉద్యమం చేసింది ఇదే. లొకేల్‌ను, కాలమానాన్ని స్థిరంగా ఉంచడంతోపాటు, బిల్డ్ తేదీ కోసం సోర్స్ డేట్ ఈపాక్ అనే కొత్త వేరియబుల్‌ను ప్రమాణంగా పెట్టింది. తేడా తెచ్చిపెట్టే సాధనమే తేడాను తొలగించే సాధనం కూడా అయింది.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది: భద్రత. చరిత్రలో దీనికి సాక్ష్యాలు తక్కువేమీ కావు. 1995లో టెల్‌నెట్ సర్వర్లలో ఒక లోపం బయటపడింది. టెల్‌నెట్ ప్రోటోకాల్ దూరాన ఉన్న యూజర్ తన ఎన్విరాన్‌మెంట్ విలువలను సర్వర్‌కు పంపేందుకు వీలిచ్చింది. వాటిలో లైబ్రరీలను ఎక్కడ వెతకాలో చెప్పే ఎల్‌డీ లైబ్రరీ పాత్ కూడా ఉండవచ్చు. ఆ యంత్రంలో ముందే తన నకిలీ లైబ్రరీని పెట్టుకోగలిగిన దుండగుడు, లాగిన్ ప్రోగ్రాము చేత దాన్నే వాడించి, యంత్రం మీద సర్వాధికారాలుండే రూట్ అధికారం సంపాదించగలిగేవాడు. 2014 సెప్టెంబరులో స్టెఫాన్ షాజెలాస్ కనిపెట్టిన షెల్‌షాక్ లోపం వెల్లడైంది. బ్యాష్ షెల్ తన ఫంక్షన్లను పిల్ల షెల్‌కు అందించడానికి వాటి కోడ్‌ను ఎన్విరాన్‌మెంట్‌లో రాసి పంపేది. అందుకున్న బ్యాష్ ఆ రాతను చదివేటప్పుడు ఫంక్షన్ ముగిసిన చోట ఆగకుండా, వెనకాల ఉన్న కమాండ్లను కూడా అమలు చేసేసేది. సీజీఐ పద్ధతిలో నడిచే వెబ్ సర్వర్లు బ్రౌజర్ పంపిన హెడర్లను ఎన్విరాన్‌మెంట్‌లోనే పెట్టి స్క్రిప్టులకు అందిస్తాయి. అంటే ప్రపంచంలో ఎక్కడి నుంచైనా ఎవరైనా ఒక హెడర్‌లో కమాండు రాసి పంపితే అది సర్వర్ మీద నడిచే ప్రమాదం వచ్చింది. 2016 జూలైలో హెచ్‌టీటీపాక్సీ అనే మరో లోపం వార్తల్లోకెక్కింది. బ్రౌజర్ ప్రాక్సీ అనే హెడర్ పంపితే సీజీఐ నియమం ప్రకారం అది హెచ్‌టీటీపీ ప్రాక్సీ అనే వేరియబుల్‌గా మారేది. సరిగ్గా అదే పేరును చాలా లైబ్రరీలు తమ నెట్‌వర్క్ ప్రాక్సీ చిరునామాగా నమ్మేవి. 2023 అక్టోబరులో క్వాలిస్ సంస్థ పరిశోధకులు, జీలిబ్‌సీ ట్యూనబుల్స్ అనే వేరియబుల్‌ను చదివే కోడ్‌లో బఫర్ ఓవర్‌ఫ్లో ఉందనీ, లోకల్ యూజర్ దాని ద్వారా రూట్ కాగలడనీ చూపించారు.

ఈ నాలుగు సంఘటనల మధ్య ఇరవయ్యెనిమిదేళ్లు గడిచాయి. ప్రోగ్రాములు వేరు, వాటిని రాసినవాళ్లు వేరు. పొరపాటు మాత్రం ఒకే కుదురు నుంచి వచ్చింది. ఎన్విరాన్‌మెంట్‌ను పంపినవాళ్లు ఎవరో గమనించకుండా, అందులోని రాతను సొంత ఇంటి మాటగా నమ్మారు. ఒకే యూజర్ తన షెల్ నుంచి తన ప్రోగ్రామును నడిపినంతకాలం ఆ నమ్మకం తప్పు కాదు, ఎందుకంటే ఇచ్చేదీ తీసుకునేదీ ఒకే మనిషి. తక్కువ అధికారం ఉన్న చోటి నుంచి ఎక్కువ అధికారం ఉన్న చోటికి ఆ ప్రతి దాటినప్పుడు పరిస్థితి పూర్తిగా మారుతుంది. యూనిక్స్ వ్యవస్థలు ఈ పాఠాన్ని క్రమంగా నేర్చుకున్నాయి. నడిపినవారి అధికారంతో కాక తన యజమాని అధికారంతో నడిచేలా సెట్ యూఐడీ గుర్తు ఉన్న ప్రోగ్రాము మొదలైనప్పుడు లైనక్స్ కెర్నెల్ దానికి భద్రత అవసరమనే సంకేతం ఇస్తుంది. ఆ సంకేతం చూసి డైనమిక్ లింకర్, ఎల్‌డీ ప్రీలోడ్ వంటి వేరియబుల్స్ మీద కఠినమైన ఆంక్షలు పెడుతుంది. రూట్ అధికారంతో కమాండు నడపడానికి వాడే సుడో మామూలుగా యూజర్ ఎన్విరాన్‌మెంట్‌ను చాలావరకు తీసివేసి, శుభ్రమైన ప్రతితో కమాండును నడుపుతుంది. సుడో వాడగానే నేను ఎక్స్‌పోర్ట్ చేసిన వేరియబుల్ మాయమైందని ఫిర్యాదు చేసేవాళ్లు గుర్తించాల్సింది ఇదే: అక్కడ జరిగింది లోపం కాదు, రక్షణ. అందువల్ల భద్రతా అభ్యంతరాన్ని నేను సగం ఒప్పుకుంటాను. ప్రమాదం నిజం. దాని మూలం ఎన్విరాన్‌మెంట్ ఉండటంలో లేదు, అందులోని రాతకు అది మోయకూడని అధికారం కట్టబెట్టడంలో ఉంది. పరిస్థితిని వర్ణించే చోట కోడ్‌ను పెట్టినందుకే షెల్‌షాక్ వచ్చింది.

ఈ లెక్కతోనే మన కాలపు వివాదాన్ని కూడా తూచవచ్చు. పాస్‌వర్డులు, ఏపీఐ కీలు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో పెట్టవచ్చా? 2011లో హెరోకు సంస్థలో పనిచేసిన ఇంజినీర్లు ట్వెల్వ్ ఫ్యాక్టర్ యాప్ పేరుతో పన్నెండు సూత్రాలు ప్రకటించారు. వాటిలో మూడోది, కాన్ఫిగరేషన్‌ను కోడ్ నుంచి విడదీసి ఎన్విరాన్‌మెంట్‌లో ఉంచమని చెబుతుంది. దాని మేలు చిన్నది కాదు. డేటాబేస్ పాస్‌వర్డును కోడ్‌లోనే రాసి గిట్‌లో చేర్చే చెడ్డ అలవాటుకు అది గట్టి అడ్డుకట్ట వేసింది. ఒకే ప్రోగ్రామును పరీక్ష యంత్రంలోనూ అసలు సర్వర్‌లోనూ మార్పు లేకుండా నడిపే వీలు కల్పించింది. కానీ ఎన్విరాన్‌మెంట్ కిందికి ప్రవహిస్తుందన్న గుణాన్ని ఇక్కడ మరచిపోకూడదు. మన ప్రోగ్రాము ఒక ఫొటో సైజు తగ్గించడానికి ఎవరో రాసిన చిన్న ప్రోగ్రామును పిలిస్తే, మనం ఆపకపోతే డేటాబేస్ పాస్‌వర్డు దానికీ అందుతుంది. లైనక్స్‌లో ప్రాక్ డైరెక్టరీలో ప్రతి ప్రాసెస్‌కూ ఎన్విరాన్ అనే ఫైలుంటుంది. ఆ ప్రాసెస్ మొదలైనప్పుడు అందిన విలువలన్నీ దాన్ని నడిపే యూజర్‌కు, రూట్‌కు అందులో కనిపిస్తాయి. డాకర్ కంటైనర్‌కు అలా ఇచ్చిన విలువలు ఇన్‌స్పెక్ట్ కమాండులో బయటపడతాయి. ప్రోగ్రాము కుప్పకూలినప్పుడు ఎన్విరాన్‌మెంట్‌ను మొత్తంగా లాగ్‌లో రాసే పనిముట్లూ ఉన్నాయి. కాబట్టి నా తీర్పు ఇదీ: పోర్టు సంఖ్య, లాగ్ స్థాయి, సర్వర్ చిరునామా వంటివి ఎన్విరాన్‌మెంట్‌లో నిస్సందేహంగా ఉండవచ్చు. రహస్యాన్ని మాత్రం సరైన అనుమతులున్న ఫైలులో పెట్టి, ఆ ఫైలు ఎక్కడుందో చెప్పే దారిని ఎన్విరాన్‌మెంట్ ద్వారా ఇవ్వడం మేలు. డాకర్ సీక్రెట్స్‌ను కంటైనర్ లోపల ఫైళ్లుగా అమర్చడం, సిస్టమ్‌డీ క్రెడెన్షియల్స్‌ను ఫైళ్లుగా అందించి వాటి డైరెక్టరీ పేరును మాత్రమే వేరియబుల్‌లో చెప్పడం ఈ ఆలోచనకు తగిన నమూనాలు.

ఇన్ని జాగ్రత్తలు అవసరమైతే, అసలు ఈ పద్ధతినే మార్చి అన్ని ప్రోగ్రాములూ చూడగల, మార్చగల ఉమ్మడి స్థలం పెట్టుకోవచ్చు కదా అని మరికొందరు అంటారు. ఆ దారి కూడా ప్రయత్నించి చూసినదే. బెల్ లేబొరేటరీస్‌లోనే తర్వాత రూపొందిన ప్లాన్ నైన్ వ్యవస్థలో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఫైళ్లుగా కనిపిస్తాయి. కొన్ని ప్రాసెస్‌లు ఒకే ఎన్విరాన్‌మెంట్‌ను పంచుకోవచ్చు కూడా. ఆలోచన అందమైనదే. కానీ పంచుకోవడంతోపాటు మరో బాధ్యత వస్తుంది: ఒకరు మారుస్తున్నప్పుడు మరొకరు చదువుతుంటే ఏమవుతుందో చూసుకోవాలి. ఈ చిక్కు యూనిక్స్‌లో ఒకే ప్రాసెస్ లోపల ఇప్పటికీ ఉంది. అనేక థ్రెడ్లతో నడిచే ప్రోగ్రాములో ఒక థ్రెడ్ సెట్ ఎన్వ్ పిలుస్తుండగా మరొకటి గెట్ ఎన్వ్ పిలిస్తే ప్రోగ్రాము కూలిపోయే అవకాశం ఉంది. పుట్టుకప్పుడు ఒకసారి తీసుకుని, ఆ తర్వాత ముట్టుకోకుండా ఉంచుకునేదిగానే దీన్ని రూపొందించారు. ఆ పరిధిలో ఉన్నంతవరకు తాళాలు అక్కర్లేదు, అనుమతుల లెక్కలు అక్కర్లేదు, ఏ భాషలో రాసిన ప్రోగ్రామైనా చదవగలదు. సీలో రాసినదైనా, పైథాన్‌లో రాసినదైనా, ఎవరో షెల్‌లో రాసిన పది లైన్ల స్క్రిప్టయినా ఒకే అక్షరాలను ఒకే తీరుగా అందుకుంటుంది. ఈ మేలుకు బదులుగా కొంత పరిమితిని ఒప్పుకోవడం సబబే.

ఈ విషయాన్ని బోధించేవారికి, నేర్చుకునేవారికి నా విన్నపం ఒకటుంది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ను ఇన్‌స్టలేషన్ సూచనల్లో ఒక లైనుగా, ఈ ముక్క కాపీ చేసి అతికించండి అనే తరహాలో నేర్పకండి. ప్రాసెస్ ఎలా పుడుతుందో చెప్పే పాఠంతో కలిపి నేర్పండి. విద్యార్థి చేత ఒక షెల్ లోపల మరో షెల్ తెరిపించి, లోపల విలువ మార్చి, బయటికి వచ్చి చూడమనండి. ఆ ఐదు నిమిషాల పనితో అర్థమయ్యేది ఐదు పేజీల వివరణతో కూడా అర్థం కాదు. ప్రోగ్రాములు రాసేవారు మూడు నియమాలు పెట్టుకోవాలి. అవసరమైన వేరియబుల్స్‌ను ప్రోగ్రాము మొదట్లోనే చదివి, లేకపోతే స్పష్టమైన సందేశంతో ఆగిపోవాలి. అందిన విలువను, బయటివాళ్లు ఫారంలో నింపిన సమాచారాన్ని పరీక్షించినంత జాగ్రత్తగా పరీక్షించాలి. మరో ప్రోగ్రామును పిలిచేటప్పుడు దానికి అవసరమైనవే ఇవ్వాలి, మన దగ్గరున్నదంతా అప్పగించకూడదు. ఈ మూడూ పాటిస్తే, 1979లో రూపొందిన ఈ సాదా ఏర్పాటు మీద ఇవాళ్టి సర్వర్లను కూడా నిశ్చింతగా నడపవచ్చు.